కరువును కరువని రాసిన ఉద్యోగి

బద్వేలు పక్క కూలికి పోయేవాళ్ళకు కచేరి అంటే ఇప్పటికీ భయమే. ఆ బీరువాలో ఏం రాసుందో తెలీదు. అందులో మన పేరుందో లేదో అంతకన్నా తెలీదు. కూలన్నలను వెంటబెట్టుకుని ఆ మెట్లు ఎక్కీ దిగీ మా చెప్పులు అరిగిపోయినాయి. ఒక ఏడు చేన్లు నిలువునా ఎండిపోతే ఊరంతా వేలిముద్రలేసి అర్జీ ఇచ్చినాము. రెండు నెలల తర్వాత పోతే కొత్తగా చేరిన గుమాస్తా పిల్లవాడు కట్టలన్నీ విప్పి వెతికినాడు, దొరకలేదు. పాత కాయితాలు ఎట్లా కట్టాలో, ఏది ఎక్కడ పెట్టాలో ఆ పిల్లవానికి నేర్పినవాడు లేడు. ఆ ఏడు ఎండిన చేను లెక్కలో పండినట్టే మిగిలిపోయింది. కడుపు మాడింది మాత్రం మాకు.

అట్లాంటి కొత్త ఉద్యోగే ఒకడు రెండు వందల ఏండ్ల కిందట మన జిల్లాకు వచ్చినాడు. అతనే బ్రౌను దొర. వేమన పద్యాలను అచ్చు వేయించినవాడుగా, నిఘంటువు రాసినవాడుగా ఆయన్ను అందరూ ఎరుగుదురు. కచేరి ఉద్యోగిగా ఆయన బతుకు మనవాళ్ళకు అంతగా తెలీదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినాడు. తండ్రి క్రైస్తవ మతగురువు. 1812లో తండ్రి చనిపోతే కుటుంబం ఇంగ్లండుకు పోయింది. అక్కడ కంపెనీ కొలువుకు కావలసిన చదువు చదివి 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగినాడు. మద్రాసు కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దినాడు. 1820 ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడుగా చేరినాడు. అప్పటికి వయసు ఇరవై ఒకటి.

ఆ కచేరి ఎట్లాంటిదో తెలుసుకోవాలి. 1800లో నిజాము మన సీమను కంపెనీకి ధారపోసినాడు. తర్వాత మన్రో ఊరూరా గుడారాలేసుకుని తిరిగి, గొలుసులతో పొలాలు కొలిపించి, శిస్తులు కట్టినాడు. ఏ చేను ఎవరిది, ఎంత పన్ను అన్నది కాయితం మీదికెక్కింది. ఆ కాయితం కరణం చేతిలో ఉండేది. కరణం రాత గొలుసుకట్టు. మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. పైన హుజూరు కచేరిలో మరాఠీ లెక్కలు. దానిమీద పారసీ మాటలు. అర్జీ, తాఖీదు, జమాబందీ, దస్తావేజు, కిస్తు. చేను దున్నేవాడికి ఇందులో ఒక్క ముక్క అర్థం కాదు. చేతిలో అధికారం ఉన్న తెల్లదొరకూ అర్థం కాదు. నడుమనున్నవాడు ఏం చదివి వినిపిస్తే అదే నిజం. దోపిడీకి ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా?

ఆ ఏడే మద్రాసు గవర్నరయిన మన్రో, ఉద్యోగులు జనం భాష నేర్చి తీరాలని గట్టిగా పట్టుబట్టినాడు. జనం మీద ప్రేమ పొంగి కాదు. భాష రాకుంటే శిస్తు సరిగ్గా రాదని, తమ గుమాస్తాలే తమను ముంచుతారని అనుభవంతో తెలుసుకున్నాడు. హాన్‌బరీ తెలుగు బాగా మాట్లాడేవాడు. బ్రౌన్‌కు అది దారి చూపింది. రెండేండ్లు కడపలో ఉండి చదవడం, రాయడం, మాట్లాడటం పట్టుకున్నాడు. 1821లో కడపలో తన డబ్బుతో ఉచిత బడులు పెట్టించినాడు. చెవిన పడిన కచేరి మాటలను కూర్చుకుంటూ పోయినాడు. 1854లో అచ్చయిన ఆయన మిశ్రభాషా నిఘంటువుకు అట్లాంటి మాటలే ముడిసరుకు.

కడప నుంచి మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్ళీ కడపకు వచ్చినాడు. ఒక బంగళా కొని పండితులను, రాయసగాళ్ళను జీతాలకు పెట్టుకున్నాడు. ఒక పుస్తకానికి నాలుగైదు తాటాకు ప్రతులు తెప్పించడం, శుభ్రంగా కాయితం మీద ఎక్కించడం, ఒకదానితో ఒకటి పోల్చి తేడాలు రాయించడం వాళ్ళ పని. అందుకోసం అప్పులపాలు కూడా అయినాడు. ఒక్క ప్రతిని నమ్మరాదు, సరిచూడందే సంతకం పెట్టరాదు అన్నది ఆయన పద్ధతి. ఏ కచేరికైనా ఇదే మొదటి పాఠం.

అసలు పరీక్ష నందన నామ సంవత్సరంలో వచ్చింది. 1832-33లో గుంటూరు సీమ మలమల మాడిపోయింది. దాన్ని నందన కరువనీ డొక్కల కరువనీ పెద్దలు చెప్పుకునేవాళ్ళు. సుమారు ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది దాకా చచ్చిపోయినారని అంచనా. అప్పుడు బ్రౌన్ ఆ ప్రాంతంలో ఉద్యోగంలో ఉన్నాడు. తక్కిన అధికార్లు కాయితాల్లో కొరత అని రాసి ఊరుకున్నారు. కొరత అంటే ఒక ఏడు తక్కువైంది, మళ్ళీ సర్దుకుంటుంది అని. కరువు అంటే వేరు. కరువని ఒప్పుకుంటే శిస్తు మాఫీ మాట వస్తుంది, జనానికి గంజి పోయాల్సిన బాధ్యత సర్కారు నెత్తిన పడుతుంది. బ్రౌన్ కరువును కరువనే రాసినాడు. పైవాళ్ళకు కోపం వచ్చింది, తగువులు ముదిరినాయి, 1834లో ఉద్యోగం పోయింది. లండనుకు పోయినాడు.

1837లో మళ్ళీ కంపెనీ కొలువులోకి వచ్చి మద్రాసులో పారసీ అనువాదకుడుగా చేరినాడు. మెకంజీ సేకరించిన పల్లెల కైఫియత్తులకు ప్రతులు రాయించి కాపాడినాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ తర్వాత లండనుకు మరలిపోయి, అక్కడి యూనివర్శిటీలో తెలుగు చెబుతూ 1884 డిసెంబరు 12న కన్ను మూసినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది.

ఆయన్ను దేవుణ్ణి చేసి దండలేయమని మేము చెప్పటం లేదు. జీవితమంతా కంపెనీ ఉప్పు తిన్నవాడు. మన చెమట పిండిన శిస్తుతోనే ఆయన జీతం. ఆ లెక్కల్లో పట్టా ఉన్న రైతుకే గాని, గట్టు మీద నిలబడి కూలి అడిగే మనకు చోటు లేదు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. రాసే మాట ఒకటి మారితే బతికే మనుషుల లెక్క మారుతుందని ఆయనకు తెలుసు. తెలిసి, నష్టపోయి కూడా ఆ మాట మార్చలేదు.

కరణాలు 1984లో పోయినారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి. లావు దస్త్రాలు పోయి కంప్యూటర్లు వచ్చినాయి. కానీ మండలాన్ని కరువు జాబితాలో చేర్చేదీ చేర్చనిదీ ఈనాటికీ కాయితమే తేలుస్తుంది. ఎండిన చేనును ఎండిందని రాసే చెయ్యి కావాలి.

కొత్తగా కొలువులో చేరే మన పిల్లలకు మేము చెప్పేది ఇదే. వచ్చిన ప్రతి అర్జీకి నెంబరు వేయండి, తేదీ వేయండి, రసీదు ఇవ్వండి. చేను చూడకుండా పంట రాయొద్దు. కూలన్నలకూ ఒక మాట. అర్జీ నకలు ఇంట్లో పెట్టుకోండి. రాసిందేమిటో చదివి వినిపించమని నిలబడి అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. ఒక్కడు అడిగితే గదమాయిస్తారు. ఊరు ఊరంతా కలిసి అడిగితే బీరువా తెరుస్తారు.