ఐఎస్‌బీడీకి స్వర్ణోత్సవ శుభాభినందనలు

పుస్తకం ఏ దేశంలో పుట్టినా, ఏ లిపిలో అచ్చయినా, దాని వివరాలను లోకమంతటికీ ఒకే వరసలో అందించిన అంతర్జాతీయ ప్రామాణిక గ్రంథ వివరణ, మన గ్రంథపాలకుల నోట ఐఎస్‌బీడీ, యాభై వసంతాలు పూర్తిచేసుకుంది. పాఠకుల తరఫున, పరిశోధకుల తరఫున, పుస్తకప్రియులందరి తరఫున దానికి స్వర్ణోత్సవ శుభాభినందనలు!

1961లో పారిస్‌లో జరిగిన కేటలాగింగ్ సూత్రాల సమావేశం కేటలాగులో ఒక పుస్తకం ఏ పేరు కింద ఎక్కాలో సూత్రాలు నిర్ణయించింది. పుస్తకాన్ని ఎలా వర్ణించాలన్న ప్రశ్న మిగిలింది. 1969లో కోపెన్‌హాగెన్‌లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా ఛత్రం కింద కూడిన నిపుణులు ఆ బాధ్యతను భుజానికెత్తుకున్నారు. మైకేల్ గోర్మన్ వంటి కేటలాగుకారుల శ్రమతో ఆ సంకల్పం 1971లో సిఫారసులుగా, 1974లో పుస్తకాల కోసం తొలి ప్రామాణిక ముద్రణగా వెలువడింది.

ఎంత చక్కని ఏర్పాటు అది! ముందు శీర్షిక, కర్త. ఆపైన ఎన్నవ ముద్రణ, ఎక్కడ ఎవరు ఎప్పుడు ప్రచురించారు, పుటలెన్ని, పరిమాణమెంత, ఏ గ్రంథమాలలోది, చివరికి పుస్తకపు ప్రామాణిక సంఖ్య ఐఎస్‌బీఎన్. ఏటవాలు గీత కనిపిస్తే తరవాత వచ్చేది కర్త పేరు. చుక్క, అడ్డగీత కలిసి కనిపిస్తే కొత్త విభాగం మొదలు. భాష తెలియనివారికి సైతం ఈ గుర్తులే దారి చూపుతాయి. వివరాలను కంప్యూటరుకు ఎక్కించడం సులువు కావాలన్నది కూడా ఆనాడే పెట్టుకున్న లక్ష్యం. ఆ ముందుచూపుకు జేజేలు!

ఆ తరవాత ప్రతి దశాబ్దమూ ఒక మైలురాయే. 1977లో అన్ని రకాల సామగ్రికీ ఉమ్మడి చట్రం ఏర్పడింది. 1978 నాటి ఆంగ్లో అమెరికన్ కేటలాగింగ్ నియమావళి రెండో ముద్రణ దానినే పునాదిగా చేసుకుంది. పత్రికలు, పటాలు, ప్రాచీన గ్రంథాలు, ముద్రిత సంగీతం, ఎలక్ట్రానిక్ వనరులు ఒక్కొక్కటిగా దాని నీడకు చేరాయి. వేరువేరుగా ఎదిగిన ఆ శాఖలన్నీ 2007లో ఒక్క గ్రంథంగా కలిశాయి. 2011 సమగ్ర ముద్రణ ఆ కలయికను స్థిరపరచింది. 2021 సవరణ ప్రచురణకాని వనరులకూ తలుపు తెరిచింది.

అన్నిటికన్నా మనసు నిండే సుగుణం మరొకటి ఉంది. లోకమంతటినీ ఒక క్రమంలోకి తెచ్చిన ఈ ప్రమాణం ఏ పుస్తకాన్నీ తన భాష వదులుకోమనలేదు. శీర్షికా కర్తల వివరాలను వీలైనంతవరకు పుస్తకంలో ఉన్న భాషలో, లిపిలోనే నమోదు చేయాలన్నది దాని నియమం. ఆ నియమం పాటించిన చోటల్లా తెలుగు పుస్తకం తెలుగు అక్షరాలతోనే విశ్వవేదిక మీద నిలుస్తుంది. ఊరూరా గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య వంటి మహనీయుల గడ్డకు ఇంతకన్నా ఆనందమేముంది?

పేరు ప్రతిష్ఠలు ఆశించక, ఒక్కో పుస్తకాన్నీ చేతికి తీసుకుని, ముఖపత్రం చూసి, పుటలు లెక్కించి, కామా సైతం తప్పకుండా నమోదు చేసిన వేలాది కేటలాగుకారులదే ఈ ఘనత. వారికి చేతులెత్తి నమస్కారం! ఐఎస్‌బీడీ కొత్త మాధ్యమాలను ఆదరిస్తూ, ప్రతి భాషనూ గౌరవిస్తూ, నిత్యనూతనంగా వర్ధిల్లి శతవసంతాల వేడుక కూడా జరుపుకోవాలి, జరుపుకుంటుంది. దిగ్విజయమస్తు! చిరాయురస్తు!