కర్నల్ లాంబ్టన్

గత సంవత్సరము మా తరగతి విద్యార్థులు మేడ్చల్, శామీర్‌పేట రహదారులపై పాదచారులు దాటు స్థలములను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను డిజిటల్ పటమున గుర్తించుటకు పూనుకొనిరి. రోడ్డు గీతమీద చుక్క యుంచి, అచట సిగ్నలు దీపము కలదా, నొక్కుటకు మీట యున్నదా, చూపులేనివారికై ధ్వని వినవచ్చునా యను సంగతులు దానిక్రింద నమోదు చేయవలెను. ఒక బాలుడు ఇంటనే కూర్చుండి, ఉపగ్రహచిత్రమున తెల్లచారలను జూచి, సిగ్నలు గల స్థలమని వ్రాసెను. ఒక చుక్క తప్పైనంత మాత్రమున నేమగునని వాని సందేహము. అప్పుడు మేము వానికి చెప్పిన చరిత్రమునే ఇచట వ్రాయుచున్నాము.

విలియం లాంబ్టన్ ఇంగ్లండు దేశమున యార్క్‌షైరులో సామాన్య రైతు కుటుంబమున జన్మించెను. 1781లో సైన్యమున చేరి, అమెరికా యుద్ధమున యార్క్‌టౌను వద్ద చెరబడెను. పిమ్మట కెనడాలో అనేక సంవత్సరములు చిన్న ఉద్యోగము చేయుచు గణితము నభ్యసించెను. మన దేశమునకు వచ్చిన పిదప, 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున ఒక రాత్రి నక్షత్రములను జూచి, తమ దండు దారి తప్పి శత్రువువైపే నడచుచున్నదని కనిపెట్టెను. సేనాని మొదట నమ్మలేదు. దిక్సూచి లాంబ్టన్ మాటనే నిలబెట్టెను.

1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు చెంత సెయింట్ థామస్ కొండవద్ద ఆయన మహాకార్యము మొదలయ్యెను. ఏడున్నర మైళ్ల ఆధారరేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో 57 దినములు కొలిచెను. ఎండకు లోహము సాగును గనుక గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, ఉష్ణమాపకములతో సరిచూచుచుండెను. ఆ రేఖనుండి దూరపు గుట్టలకు, గోపురములకు కోణములు తీసి, త్రిభుజముపై త్రిభుజము కట్టుచు పోయెను. అందుకు వాడిన థియోడలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు గోపురముపైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి ఆ యంత్రము గోడకు కొట్టుకొని, దాని వలయము వంగిపోయెను. మరియొకడైన ఇంగ్లండునుండి క్రొత్తది వచ్చువరకు వేచియుండును. ఈయన గుడారమున దూరి, ఆరు వారములు దానిని కొంచెము కొంచెముగా లాగి సరిచేసెను.

మేము బాలునకు నొక్కి చెప్పినది వేరొకటి. లాంబ్టన్ తన లెక్కను తానే నమ్మెడివాడు కాడు. 1804లో బెంగళూరు వద్ద మరల నేలపై గొలుసు పరపించి, మద్రాసునుండి త్రిభుజముల ద్వారా వచ్చిన లెక్కతో పోల్చెను. నడుమ దాదాపు 200 మైళ్లు. భేదము నాలుగంగుళములకు లోపే! అంతట తృప్తిపడెనా? లేదు. గుత్తివద్దను, 1815లో బీదరు వద్దను తిరిగి కొలిపించెను.

పిమ్మట హైదరాబాదు ఆయనకు ముఖ్యస్థానమయ్యెను. 1818లో ఈ కార్యమునకు మహా త్రికోణమితి సర్వే యను పేరు వచ్చినది. ఆ సంవత్సరాంతమున జార్జి ఎవరెస్టు ఇచటనే ఆయన క్రింద చేరెను. వృద్ధుడైన లాంబ్టన్ హైదరాబాదు విడిచి నాగపురమునకు పోవుచు, 1823 జనవరి 20న హింగన్‌ఘాట్ వద్ద మృతినొందెను. ఆయన సమాధి అచటనే యున్నది. ఆయన ప్రారంభించిన రేఖాంశపు కొలతను ఎవరెస్టు 1841లో హిమాలయ పాదములకు చేర్చెను. నేడు నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారి మేడ్చల్ మీదుగానే పోవుచున్నది.

మరుసటి శనివారము ఆ బాలునితో మేము తెల్లచారల చోటికి పోతిమి. చారలు సగము చెరిగియున్నవి. దీపస్తంభము లేదు, మీట లేదు. లారీలు ఆగక పోవుచున్నవి. మాకు పరిచితుడైన చూపులేని పెద్ద యొకడు ఫోనులోని పటము చెప్పు మాట విని అడుగు వేయునని వానికి తెలిపితిమి. వాడు కొంతసేపు లారీలను చూచుచు నిలిచి, ఫోను తీసి, సిగ్నలు అను మాటను కొట్టివేసి, తక్కిన చుక్కలను కూడ నేడే నడచి చూతమని మాకంటె ముందు బయలుదేరెను.