రాజును చేరని విన్నపము

2008 ఫిబ్రవరి 13వ తేదీన ఆస్ట్రేలియా ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో నిలిచి, ఆదిమవాసుల బిడ్డలను బలవంతముగా తల్లిదండ్రులనుండి వేరుచేసినందులకు క్షమాపణ చెప్పెను. అంతకు డెబ్బది యేండ్లు ముందే ఆ జాతి మొరను ప్రభుత్వమునకు వినిపింపబూనిన వృద్ధుడొకడు కలడు. ఆయనయే విలియం కూపర్.

1860 ప్రాంతమున మర్రే, గౌల్‌బర్న్ నదులు కలియు సీమలో, యోర్టా యోర్టా జాతియందు కూపర్ జన్మించెను. గొఱ్ఱెల ఉన్ని కత్తిరించుచు, పశువులను తోలుచు, గుఱ్ఱములను మాలిమి చేయుచు కాయకష్టముతోడనే జీవించెను. ఆయన చదువుకొన్న మలోగా మిషను పాఠశాలలో థామస్ షాడ్రక్ జేమ్స్ అను ఉపాధ్యాయుడుండెను. మారిషస్ ద్వీపమున పుట్టిన ఈ భారత సంతతివాడు కూపర్ సోదరిని వివాహమాడి ఆ జనులలోనే కలిసిపోయెను. ఆయన శిష్యులు పలువురు పిమ్మట తమ జాతికి నాయకులైరి.

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము 1909లో ఆదిమవాసుల సంరక్షణ చట్టమును చేసెను. 1915లో దానిని సవరించి, న్యాయస్థానపు విచారణ లేకయే బిడ్డలను కొనిపోవు అధికారమును సంరక్షణ మండలికి ఒసగెను. పేరు సంరక్షణము, పని అపహరణము! బాలికలను కూటముండ్రా శిక్షణాలయమున ఉంచి, పిమ్మట తెల్లవారి ఇండ్లలో పనికి కుదిర్చెడివారు. 1917లో అట్లు తల్లికి దూరమైన మార్గరెట్ టక్కర్ పెద్దదై కూపర్ సంఘమున చేరి పోరాడెను. ఆ 1917లోనే కూపర్ కుమారుడు డానియల్ ఆస్ట్రేలియా సైనికుడై బెల్జియం రణభూమిలో నేలకొరగెను.

రక్షిత స్థలమున నివసించు ఆదిమవాసులకు వృద్ధాప్య పింఛను లేదు. అందుచే డెబ్బది దాటిన వయసున కూపర్ కమ్మరగంజాను విడిచి మెల్బోర్న్ నగరమందలి ఫుట్‌స్క్రే చేరెను. తన కొద్దిపాటి పింఛనుతోనే ఆస్ట్రేలియా ఆదిమవాసుల సంఘమును నడపెను. తమ జాతి నశింపకుండ కాపాడవలెననియు, పార్లమెంటులో తమకొక ప్రతినిధి కావలెననియు రాజునకు విన్నపము వ్రాసి, దేశమంతటినుండి 1,814 సంతకములు కూర్చెను. 1937లో అది ప్రభుత్వమునకు అందెను. 1938లో మంత్రివర్గము దానిని రాజునకు పంపరాదని నిర్ణయించెను.

ఆయన కుంగిపోలేదు. తెల్లవారి వలసకు 150 ఏండ్లు నిండిన 1938 జనవరి 26ను ఆదిమవాసులు సంతాపదినముగా జరుపుటకు కూపర్ ముఖ్య ప్రేరకుడయ్యెను. ఆ డిసెంబరు 6వ తేదీన, జర్మనీలో యూదులపై జరిగిన ఘాతుకములను ఖండించుచు ఆయన సంఘమువారు మెల్బోర్న్‌లోని జర్మన్ కాన్సులేటుకు తీర్మానమును కొనిపోయిరి. తమ గాయము మానకముందే పరుల గాయమునకు కన్నీరు కార్చిన ఉదాత్తత యిది. 1939లో దుర్భర పరిస్థితులకు ఓర్వలేక కమ్మరగంజా వాసులు 150 మందికి పైగా నదిని దాటి వెడలిపోగా, ఆయన వారి పక్షమున నిలిచెను.

1941 మార్చి 29న కూపర్ కన్నుమూసెను. ఆయన కోరినవేవియు అప్పటికి నెరవేరలేదు. ఆ మండలి 1940లో పేరు మార్చుకొని 1969 వరకు సాగెను. 1997లో వెలువడిన జాతీయ విచారణ నివేదిక, 1910 మొదలు 1970 వరకు ప్రతి పదిమందిలో ఒకరు మొదలు ముగ్గురిలో ఒకరు వఱకు బిడ్డలు కుటుంబములకు దూరమైరని తేల్చెను. రాష్ట్రములు క్షమాపణ చెప్పినను, నాటి ప్రధాని జాన్ హోవార్డ్ అంగీకరింపలేదు. మరి పదునొకండేండ్లకు గాని ఆ మాట దేశము నోట వెలువడలేదు. అప్పటికే ఎందరో తల్లులు గతించిరి.

క్షమాపణ గతించినవారిని తిరిగి తేజాలదు. అయినను తప్పును తప్పని పాలకులు ఒప్పుకొననిదే న్యాయమునకు తొలిమెట్టు పడదు. ఆ మెట్టుకు రాళ్లు మోసినవారిలో విలియం కూపర్ అగ్రగణ్యుడు.