తొలి తెలుగు కవయిత్రి తాళ్ళపాక తిమ్మక్క

తెలుగులో మొదటి కవయిత్రి ఎవరని అడిగితే మనలో చాలామంది మొల్ల పేరు చెబుతాం. కానీ పండితులు ఎక్కువమంది అంతకు ముందరి తాళ్ళపాక తిమ్మక్కకే ఆ స్థానం ఇచ్చారు. ఈమె పూర్తి పేరు తిరుమలమ్మ. పదకవితా పితామహుడు అన్నమాచార్యుని భార్య. 13వ శతాబ్దపు కుప్పాంబికను తొలి కవయిత్రి అనేవారూ ఉన్నారు. ఆమె రంగనాథ రామాయణ కర్త గోన బుద్ధారెడ్డి కూతురు. చిత్రమేమిటంటే ఇద్దరూ కవుల ఇళ్లలోని వారే!

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టాడు. రాగిరేకుల మీది రాత ప్రకారం 16వ ఏట, 1424లో, పాట మొదలుపెట్టి 1503లో కన్నుమూసే వరకు పాడుతూనే ఉన్నాడు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. మనకు దొరికినవి 12 వేలకు పైనే.

తిమ్మక్క ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. అక్కలమ్మ అని సవతి కూడా ఉండేది. ఆ కాలంలో ఆడపిల్లను బడికి పంపడం ఎక్కడుంది? ఇంట్లో రోజూ పాట పుడుతుంటే, తాళపత్రాల మీద గంటం నడుస్తుంటే, వంటింట్లోకి కూడా ఛందస్సు వినపడి ఉంటుంది. ఆమెకు ఇల్లే బడి అయింది. వినడంతో ఆగిపోక సుభద్రా కల్యాణం అనే కావ్యం రాసింది. అర్జునుడు సన్యాసి వేషంలో వచ్చి సుభద్రను పెళ్లాడిన భారత కథ అది. రాయడానికి ద్విపదను ఎంచుకుంది. రెండేసి పాదాలతో సాగే ద్విపదను ఆడవాళ్లు పనిపాటల్లో కూడా పాడుకోవచ్చు. సంస్కృత వృత్తాలు రాని వారికీ అర్థమవుతుంది.

ఆ ఇంట్లో తర్వాతి వారూ కలం దించలేదు. అక్కలమ్మ కొడుకు పెదతిరుమలాచార్యుడు కవి. తండ్రి పాటలు రాగిరేకుల మీదికి ఎక్కడానికి ఆయనే కారణం. అన్నమయ్య సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణం పోయింది. మనుమడు చినతిరుమలాచార్యుడు దాన్ని తెలుగు చేసి ఉంచబట్టే అందులోని విషయం మనకు తెలిసింది. ఇంకో మనుమడు చిన్నన్న ద్విపదలో పేరు మోసిన కవి. నాయనమ్మ వాడిన ఛందస్సే అది.

ఒక మాట చెప్పాలి. ఆ కుటుంబానికి గ్రామాలు ఉండేవి. వారి చదువుకు గింజలు పండించింది రైతులూ కూలీలూ. వాళ్ల పిల్లలకు గంటం పట్టే వీలు లేదు. మన నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ కోసే వారి ఇళ్లలో కూడా నిన్న మొన్నటి దాకా పుస్తకం లేదు. మనలో చాలామందికి పుస్తకాలున్న మొదటి ఇల్లు ఈ హాస్టలే.

చిన్నన్న తాతగారి జీవితాన్ని అన్నమాచార్య చరిత్రగా రాశాడు. నాయనమ్మకు అలాంటి పుస్తకం ఎవరూ రాయలేదు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో రాగిరేకులు వందల ఏళ్లు భద్రంగా ఉన్నాయి. 20వ శతాబ్దంలో వాటిని వెలికి తీసి, అచ్చు వేసి, ఆ వంశపు కవుల గురించి లోకానికి చెప్పిన పండితుల్లో మన పక్క పెదకళ్లేపల్లి వారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ముఖ్యులు. ఆ రేకుల మీద ఉన్నవి తండ్రి, కొడుకు, మనుమల పాటలు. తిమ్మక్క కావ్యం మాత్రం రాతప్రతుల్లో బతికి మన దాకా వచ్చింది.