పరీక్ష తప్పినా... భాస్వరం గుట్టు విప్పారు

అమీర్‌పేట: తుది పరీక్షలకు రసాయనశాస్త్రాన్ని పునశ్చరణ చేసుకుంటున్న అమీర్‌పేట, పంజగుట్ట విద్యార్థులకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం స్ఫూర్తిదాయకం. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫాస్ఫేటుకు ఆమ్ల మాలిబ్డేట్ చేర్చి క్షయకరణం గావిస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. ఈ కొలత ఆధారంగానే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వారిద్దరూ గుర్తించారు. సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు. మూలకాల పట్టికలో 15వదైన భాస్వరమే, పరీక్ష తప్పిన ఆ విద్యార్థికి చిరకీర్తి తెచ్చిపెట్టింది.