మారుపేరుతో నవల.. నెల తిరక్కుండానే మరణం! ఇదీ సిల్వియా ప్లాత్ జీవితం

అమ్మాయి ఒంటరిగా దొరికితే చెయ్యి వేయొచ్చనుకునే మగాళ్ల గురించి 60 ఏళ్ల కిందటే నవల రాసేశారు సిల్వియా ప్లాత్. అదే 'ది బెల్ జార్'.

1932లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టిన సిల్వియాకు ఎనిమిదేళ్లప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి ఉద్యోగం చేసి ఇద్దరు పిల్లల్ని పెంచారు. స్కాలర్‌షిప్‌తో స్మిత్ కాలేజీలో చదువుతూ 1953 వేసవిలో న్యూయార్క్‌లో ఓ మ్యాగజైన్‌కు గెస్ట్ ఎడిటర్‌గా పనిచేశారు. ఆ తర్వాత డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం, ఆస్పత్రి.. ఆ ఏడాదే నవలకు ముడిసరుకైంది.

కథలో కాలేజీ అమ్మాయి ఎస్తేర్‌పై మార్కో దాడి చేస్తాడు. ముక్కు మీద గుద్ది తప్పించుకుంటుంది. ఇక అందరూ మంచోడనే బాయ్‌ఫ్రెండ్ బడ్డీ మరో మహిళతో గడిపొస్తాడు. మగాడికైతే పర్లేదు, ఆడపిల్ల మాత్రం పెళ్లిదాకా పవిత్రంగా ఉండాలా? ఎస్తేర్‌ను తొలిచేసే ప్రశ్న ఇదే.

తల్లి, తెలిసినవాళ్లు నొచ్చుకుంటారని విక్టోరియా లూకాస్ పేరుతో 1963 జనవరి 14న లండన్‌లో నవల విడుదల చేశారు. అప్పటికే భర్త, కవి టెడ్ హ్యూస్‌తో విడిపోయి ఇద్దరు పసిపిల్లలతో ఉంటున్నారు. మళ్లీ డిప్రెషన్ కమ్మేసింది. ఫిబ్రవరి 11న ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 30 ఏళ్లే.

తల్లి అభ్యంతరంతో అమెరికాలో ఆ పుస్తకం 1971 దాకా రాలేదు. వచ్చాక మాత్రం బెస్ట్ సెల్లర్! 1982లో కవితలకు పులిట్జర్ దక్కింది. తీసుకోవడానికి సిల్వియా లేరు. ఎస్తేర్ ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది.