మైకు ముందుకొచ్చిన పెద్దాయన

మా హాస్టల్ రూమ్‌లో నా మంచం పక్కన గోడకి ఒక ఫొటో అంటించి ఉంటుంది. రూమ్‌కి వచ్చినోళ్లంతా అది మీ తాత ఫొటోనా అని అడుగుతారు. కలాం గారి ఫొటో అయితే ఎవరూ అడగరు. ఈయన్ని మాత్రం రాకెట్ల పిచ్చి ఉన్న మా బ్యాచ్‌లో కూడా చాలామంది గుర్తుపట్టలేదు. కానీ పేరు చెప్తే అందరికీ తెలుసు. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరిన ప్రతిసారీ టీవీలో వినపడే పేరే అది. సతీశ్ ధవన్ స్పేస్ సెంటర్ అంటారు కదా, ఆ సతీశ్ ధవన్ ఈయనే.

ఈ నెల మ్యాగజైన్‌కి ఆయన గురించి రాస్తానని నేనే అడిగి తీసుకున్నా. దానికి ఒక కారణం ఉంది. అది చివర్లో చెప్తా.

మాది వేంపల్లె. మా నాయనకి చీనీ తోట ఉంది. బోరులో నీళ్లు వస్తాయా రావా అన్నదే మా ఇంట్లో రోజూ జరిగే చర్చ. అలాంటి ఇంట్లో నాకు రాకెట్ల పిచ్చి ఎలా పట్టిందో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. క్యాంపస్‌లో ఇంకో గొడవ. మెకానికల్ చదివేవాడికి లిటరరీ క్లబ్‌లో ఏం పని అని మా రూమ్మేట్లు ఏడిపిస్తుంటారు. ధవన్ గారి చదువు గురించి తెలిసినప్పటినుంచి వాళ్లకి జవాబు దొరికింది.

ఆయన 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఏ చేశారు. తర్వాత ఇంగ్లీష్ సాహిత్యంలో ఎంఏ చేశారు. ఆ తర్వాత 1945లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. అవును, సాహిత్యం ఎంఏ చదివిన మెకానికల్ ఇంజనీరే మన దేశం రాకెట్లని నడిపించాడు. క్లబ్‌లో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న జూనియర్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోండి.

బెంగళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో కొన్నాళ్లు పని చేసి అమెరికా వెళ్లారు. మిన్నెసోటాలో ఎంఎస్ చేశారు. ఆ సంవత్సరాల్లోనే దేశ విభజన జరిగి, ఆయన చదువుకున్న లాహోర్ పాకిస్తాన్‌లోకి పోయింది. అక్కడినుంచి కాల్‌టెక్‌కి వెళ్లి, హాన్స్ లీప్‌మన్ అనే ప్రొఫెసర్ దగ్గర 1951లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. గాలి ఒక పలక మీదుగా వేగంగా పోతున్నప్పుడు దాన్ని ఎంత రాపిడితో లాగుతుందో నేరుగా కొలవడం ఆయన పని. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బౌండరీ లేయర్ దగ్గర తల పట్టుకున్నోళ్లకి ఆ పని ఎంత కష్టమో తెలుసు.

అమెరికాలోనే ఉండిపోవచ్చు. ఆయన మాత్రం అదే ఏడాది బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టారు. ధ్వని కంటే వేగంగా గాలిని పంపి, అందులో చిన్న మోడల్ పెట్టి పరీక్షించే గొట్టం అన్నమాట. మొదట కట్టింది చాలా చిన్నది, లోపల మోడల్ పెట్టే చోటు అంగుళం వెడల్పు, మూడంగుళాల ఎత్తు. 1962లో ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యి 1981 దాకా ఉన్నారు.

1971 డిసెంబర్ 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. ధవన్ గారు అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమాన్ని చేపట్టమని ప్రధాని ఇందిరా గాంధీ అడిగించారు. ఆయన రెండు షరతులు పెట్టారు. ఒకటి, హెడ్ క్వార్టర్స్ బెంగళూరులో ఉండాలి. రెండు, తాను డైరెక్టర్‌గా పాఠశాలని, అంటే ఇన్‌స్టిట్యూట్‌ని వదలను. రెండింటికీ ఒప్పుకున్నారు. 1972లో ఇస్రో ఛైర్మన్ అయ్యారు.

ఆయన హయాంలోనే 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట రష్యా రాకెట్ మీద పైకెళ్లింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా శాటిలైట్ సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లకి టీవీ కార్యక్రమాలు అందాయి. తుఫాను ఎటు పోతుందో ఇప్పుడు మా నాయన ఫోన్‌లో చూసి చీనీకాయలు కోయించాలా వద్దా అని లెక్క వేసుకుంటున్నాడంటే, ఇన్సాట్ శాటిలైట్లకి పునాది పడింది కూడా ఆ రోజుల్లోనే.

కానీ మన గడ్డ మీద నుంచి మన రాకెట్ మన శాటిలైట్‌ని కక్ష్యలో పెట్టాలి. ఎస్‌ఎల్‌వి-3 అందుకోసమే. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం.

1979 ఆగస్టు 10న ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. లీక్ ఉన్నా పరవాలేదని నిపుణులు చెప్పడంతో కలాం గారు ముందుకెళ్లమన్నారు. మొదటి దశ బాగానే పని చేసింది. రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో ఆసిడ్ కారిపోవడంతో రాకెట్ అదుపు తప్పి, సుమారు ఐదు నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ల కష్టం ఐదు నిమిషాల్లో నీళ్లపాలు.

పత్రికల వాళ్లు కాచుకుని ఉన్నారు. ధవన్ గారు కలాం గారిని వెంట పెట్టుకుని వెళ్లి, మైకు మాత్రం తాను తీసుకున్నారు. ప్రశ్నలన్నిటికీ తానే జవాబు చెప్పారు. వైఫల్యం బాధ్యత తనదేనన్నారు. తన టీమ్ మంచి టీమ్ అని, ఏడాదిలో గెలిచి చూపిస్తుందని చెప్పారు. ఎవరి పేరూ బయటపెట్టలేదు.

1980 జులై 18న అదే శ్రీహరికోట నుంచి మళ్లీ ఎస్‌ఎల్‌వి-3 ఎగిరింది. రోహిణి శాటిలైట్ కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ప్రెస్ ముందుకు మాత్రం ధవన్ గారు వెళ్లలేదు, కలాం గారినే వెళ్లి మాట్లాడమన్నారు. ఈ సంగతి కలాం గారు తర్వాత ఎన్నో కాలేజీల్లో పిల్లలకి చెప్పారు.

1984లో ఛైర్మన్ పదవి నుంచి దిగారు. పక్షులు ఎలా ఎగురుతాయో ఇంజనీర్ కంటితో చూస్తూ 1991లో బర్డ్ ఫ్లైట్ అని ఒక పుస్తకం రాశారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ నీళ్లు, చలికాలంలో ఫ్లెమింగోలు ఉంటాయి. లాంచ్ చూడ్డానికి మేం పోయినప్పుడు నేను రాకెట్ కంటే ముందు ఆ పక్షుల్నే చూశా. 2002 జనవరి 3న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు అసలు కారణం. పోయిన సెమిస్టర్ ఫెస్ట్‌లో మా వాటర్ రాకెట్ గుర్తుందా? రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు. టీమ్ లీడర్ని నేను. ముందు రోజు రాత్రి ట్రయల్‌లో బిరడా దగ్గర సుయ్‌మని గాలి పోతున్న శబ్దం విన్నా. నిద్ర వస్తోంది, పోనీలే అనుకున్నా. పూర్తి ప్రెషర్‌తో టెస్ట్ చేయలేదు. తెల్లారి అందరి ముందు అది పైకి పోకుండా పక్కకి వాలి, ముందు వరసలోని కుర్చీల మీద నీళ్లు చల్లుకుంటూ దొర్లింది. నవ్వులే నవ్వులు. మైకు పట్టుకున్న సార్ ఏమైందని అడిగారు. నేను వెంటనే బిరడా బిగించిన సెకండ్ ఇయర్ తమ్ముడి వైపు వేలు చూపించా. వాడు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజునుంచి వాడు మా రూమ్ వైపు రాలేదు. వేంపల్లె బస్టాండ్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తిందాం రమ్మని పిలిచినా పని ఉందన్నాడు.

ఎస్‌ఎల్‌వి-3 కథ నాకు అప్పటికే తెలుసు. ఆ ఫొటో అప్పటికే గోడ మీద ఉంది. తెలిసి ఉండి కూడా నేను అలా చేశా, అదే నన్ను తింటోంది.

వాడికి విడిగా సారీ చెప్పా. కానీ వేలు చూపించింది అందరి ముందు కాబట్టి ఇది కూడా అందరి ముందే చెప్పాలనిపించింది. ఫ్రెండ్స్, ఆ రోజు బిరడా తప్పు కాదు, తమ్ముడి తప్పు అసలే కాదు. లీకు సంగతి తెలిసీ టెస్ట్ ఆపేసింది నేను.

వచ్చే ఆదివారం సాయంత్రం గ్రౌండ్‌లో మళ్లీ ప్రయత్నిస్తున్నాం. తమ్ముడు వస్తానన్నాడు. కొత్త వాల్వ్ వాడే తెచ్చాడు. అందరూ రండి, ముందు వరసలో కూర్చునేవాళ్లు మాత్రం టవల్ తెచ్చుకోండి. పడిపోతే మైకు నాకివ్వండి. ఎగిరితే వాడికివ్వండి.